కుడివైపు గడి

గుట్టల బేగంపేట ప్రైమరీ స్కూలు, మూడో తరగతి.
మొదటి పీరియడు పరిసరాల విజ్ఞానం.
బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత గీశాను.
ఎడమవైపు ప్రాణం ఉన్నవి,
కుడివైపు ప్రాణం లేనివి.
చెప్పండి, రాస్తాను.

ఆవు, కాకి, చీమ, వేపచెట్టు,
హెడ్మాస్టరు సారు, ఎవరో వెనకనుంచి, గొంతు మార్చి.
బెంచీ, బకెట్టు, రాయి, బస్సు.
అంతా సాఫీగానే సాగుతోంది,
నలభై నిమిషాల్లో అయిపోయే లోకం.

రాథోడ్ లక్పతి లేచాడు.
"టీచర్, మా కాక ఆటో గ్యాసు తాగుతది, పొగ ఇడుస్తది,
ఉరుకుతది, సలికాలం పొద్దుగాల దగ్గుతది. మరి?"
నేను చెప్పిన గుర్తులే,
వేళ్ళమీద లెక్కపెట్టి నాకే ఒప్పజెప్పాడు.
"పిల్లల్ని పెట్టదు కదరా" అన్నాను, గెలిచినట్టే.
"మా అత్తకు గూడ పిల్లలు లేరు టీచర్."
కాసేపు డస్టరు కోసం వెతికాను.
అది నా చేతిలోనే ఉంది.

తరన్నుమ్‌కి ఇంకో చిక్కు.
"అండా ఎటు దిక్కు టీచర్?
ఈరోజు అన్నంల ఇస్తరు గదా, ఆ అండా."
ఉడకకముందా, ఉడికాకా అని అడగబోయి
"తర్వాత చెప్తా" అన్నాను.

చివరి వరసలో దండుగుల రేణుక
ఎప్పుడూ చెయ్యెత్తదు. ఎత్తింది.
"రాయిని అటు రాసిండ్రు."
అవునమ్మా.
"రాయికి పానం ఉంటది."
క్లాసంతా ఘొల్లుమంది.
"పెరగదు కదమ్మా రాయి?"
"పెరగదు, తరుగుతది. మా తాత గూడ తరుగుతుండు."
ఆమె నవ్వలేదు, చిన్నబుచ్చుకోలేదు.
పని తెలిసిన మనిషిలా నిదానంగా చెప్పింది:
"కొట్టేముందు మా నాయన సుత్తెతోని చిన్నగ తట్టి చెవి పెడతడు.
టంగుమంటే పానమున్న రాయి.
డబ్బుమంటే సచ్చిన రాయి, లోపల పగులుంటది.
సచ్చినదాన్ని కడపకు పెట్టరు."

చూపించు మరి, అన్నాను.
బాత్రూముల వెనక, ప్రహరీ కింద నుంచి
తల దూర్చిన బండ ఒకటి ఉంది.
పేరులో అన్ని గుట్టలున్నా మా బడికి మిగిలింది ఈ తోకే.
దానిమీద బూడిదరంగు మచ్చలు.
అవి ఎడమవైపువి, లైకెన్లు, ప్రాణమున్నవి;
అవి కూర్చున్నది మాత్రం కుడివైపు గడిలో.
ముప్పైరెండు మంది చెంపలు ఆనించి వంగారు.
నేనూ వంగాను, చీర కుచ్చిళ్ళు దుమ్ములో.
రేణుక గులకరాయితో తట్టింది.
టంగు.

తర్వాత ఎవరూ తట్టకుండానే
లోపలినుంచి గుర్రుమని ఒక మోత,
ఆగి, మళ్ళీ.
"ఊపిరి తీస్తున్నది టీచర్!" లక్పతి కేక.

కాదు. రెండు వీధుల అవతల కొత్త టవరు పునాదికి
మిషను బండను తొలుస్తోంది.
గాలిలో కన్నా రాతిలో శబ్దం వేగంగా వస్తుంది.
అది పై తరగతుల పాఠం, అయినా చెప్పాను.
అందరూ లేచి మోకాళ్ళు దులుపుకున్నారు.
రేణుక చెవి తియ్యలేదు.
"ఆడ తొలిసేది గూడ ఇదే గదా టీచర్, ఒకటే బండ" అంది.
దీనికేం చెప్పాలో ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు.

పరీక్షలో రాయిని కుడివైపే రాసింది.
ఐదుకి ఐదు వేశాను.
దసరా సెలవుల తర్వాత రాలేదు.
రాళ్ళెక్కడ మిగిలితే వాళ్ళక్కడ.
కోకాపేట వైపు అన్నారొకరు,
ఇంకా అవతలికి అన్నారు ఇంకొకరు.
రిజిస్టరులో ఆ పేరు ఎదురుగా
మార్చి దాకా ఎర్ర సిరా.

ఈ ఏడు కూడా అదే గీత గీశాను.
రాయి? అని అడిగితే
ప్రాణం లేనిదీ అని దీర్ఘం తీశారు
అందరూ ఒకే గొంతుతో.
సుద్దముక్క పట్టుకుని కొంచెం ఆగాను.
ఎవరూ చెయ్యెత్తలేదు.
వంటగది వైపు నుంచి గుడ్లు ఉడుకుతున్న వాసన.
తరన్నుమ్ ఇప్పుడు నాలుగో తరగతి.
నీళ్ళ సీసా పట్టుకుని వరండాలో పోతూ
కిటికీలోంచి తొంగిచూసి అడిగింది:
"టీచర్, తర్వాత అయ్యిందా?"