రొద

సోమవారానికి రెండొందల మాటలు రాయాలి.
కొత్త సీడీ ఎవరో కుర్రాడిది.
ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసిన తోడి. బాగుంది, అంతే.

రెండోది పాతది. సత్యనారాయణపురం పందిట్లో
అరవై రెండునాటి స్పూలు,
దుర్భా కనకాంగిగారి కాంభోజి ఆలాపన.
"రొద పూర్తిగా తీసేశాం" అని అట్టమీద గర్వం.

రొద ఉన్న కాపీ నా బీరువాలో ఉంది.
అందులో గూడ్సుబండి కూస్తుంది.
ఆవిడ పంచమం మీద కూర్చుని
పెట్టె తర్వాత పెట్టె, బండినంతా పోనిస్తుంది.
ఎవరో కిసుక్కుమంటారు. మృదంగం ఆయన దగ్గుతాడు.

పట్టాలు పీకి రోడ్డేశారు ఎప్పుడో.
ఇప్పుడు కూత కూడా పీకారు.
కొత్త చెవులకి ఆ పంచమం
ఎందుకంతసేపు నిలబడిందో తెలియదు.

పక్కవాద్యాల వరసలో రాశాను:
వయొలిన్, మృదంగం, గూడ్సుబండి.
సబ్‌ఎడిటర్ కొట్టేస్తాడు, తెలుసు.