ఏడో గంప

గండిపేట దాటినంక, ఎడమ దిక్కు మట్టి తొవ్వల
ఇంకా ఎవ్వలు ప్లాట్లు కొయ్యని గుట్ట ఒకటున్నది.
ఐతారం, ఎండ ఎక్కకముందే
ముగ్గురం పోతం. భుజాలకు సంచులు, సంచుల్ల తలెలు.
బువ్వ తినే తలెలు కావు,
గాలి తినే తలెలు.

ఏ బండ మీద నిలవడాలె, ఏ చెట్ల సందుల్నుంచి ఇసరాలె
కాయితం మీద గీసింది కెజియా.
గంపలు చేసింది మస్తాన్:
రాణీగంజుల కిలోల లెక్క కొన్న గొలుసులు,
పాత కూలర్ల స్టాండ్లు,
వెల్డింగు మచ్చల మీద వెండిరంగు.
తొమ్మిది గంపలు.
తొమ్మిదోదానికి ఒక కాలు పొట్టి.

నేను ఇరవై ఆరేండ్లు సిటీ బస్సుల టికెట్లు కొట్టినదాన్ని.
మెహదీపట్నం మలుపుల కమ్మి ఇడిసిపెట్టి
నడుముతోనే నిలవడి చిల్లర లెక్కబెట్టినదాన్ని.
రిటైరైనంక ఈ చెయ్యి ఊకుండలేక
మోకాలి మీద తాళం ఏస్తుంటే
పక్కింటి కెజియా పసుపుపచ్చ తలె ఒకటి చేతిల పెట్టింది.
"గట్టిగ ఇసరొద్దు ఆంటీ, వదలాలె" అన్నది.

వదులుడు నాకు కొత్త.
అర్ధరూపాయి గాని, మాట గాని
ఎన్నడన్న ఊకె వదిలిన్నా?

మొదటి గంప సీతాఫలం పొదల నడుమ, అల్కగనే వస్తది.
తలె పోయి గొలుసులకు తాకుతది,
ఝల్లుమంటది.
పాత బస్సుల తాడు గుంజితే డ్రైవరు నెత్తి మీద మోగే గంట
అచ్చం గిట్లనే ఉండేది.
ఒక్కటి కొడితే ఆగు.
రెండు కొడితే పో.

మూడో గంప కాడ బండ మీద బండ, దాని మీద ఇంకో బండ,
ఎవలో సామాను సదిరి, ఇల్లు ఖాళీ చేసి
మర్చిపోయిన అటక లెక్క.
ఐదోదానికి ఎక్కుడే ఎక్కుడు.
మస్తాన్ మోకాళ్ళు పట్టుకొని ఉర్దూల గుట్టను తిడతడు,
గుట్ట ఏమనుకోదు.
మోదుగులు అప్పుడప్పుడే పూస్తున్నయి,
ఆకు లేని కొమ్మలకు మంట.

ఏడోది దిగుడు.
కింద తుమ్మలు, అవతల చెరువు మీద గాలి.
నేను నిలవడ్డ, ఊపిరి పట్టిన, వదిలిన.
"కుడికి కుడికి" అని నేను,
"ఎడమకు" అని తలె.
సెకండ్ షో చూసి ఆఖరి బస్సు దిగి
సందుల మలిగిపోయే పిల్లగాని లెక్క
కంపల్ల కలిసిపోయింది.

పది నిమిషాలు దేవులాడినం.
కట్టెతో మస్తాన్, ఫోను లైటుతో కెజియా,
పట్టపగలు లైటెందుకో నాకు తెల్వది.
ముండ్లు నా చీర కొంగును టికెట్ అడిగినయి.

అప్పుడొచ్చిండు బుగ్గయ్య, ముప్పై మేకలతోని.
"తలె పోయిందా?" అన్నడు.
"తినే తలె ఎవలన్న ఇసురుతరా అమ్మా, పాపం గాదా?"
"తినేది గాదయ్యా" అంటే నమ్మలే.
బండ చాటుకు తోలుకపోయి చూపెట్టిండు.
పసుపుపచ్చది కాదు,
పోయిన నెల పోయిన నా నారింజ రంగుది.
ఎల్లెల్కల పెట్టి, మూలకు గులకరాయి ఆనిచ్చి
డబ్బాల నీళ్ళు పోసిండు.
నాలుగు దినాల మేకపిల్ల ఒకటి
ముందటికాళ్ళు మడిచి తాగుతున్నది,
గదమ కింద నుంచి చుక్కలు.

"మీదైతే తీస్కపోండ్రి" అన్నడు.
నా చెయ్యి సగం దాక పోయింది.
ఇరవై ఆరేండ్ల అలవాటు, నా లెక్క నాకు రావాలె.
మేకపిల్ల తలెత్తి చూసి
మళ్ళ తాగబట్టింది.

"పోతే ఒక దెబ్బ ఎక్కువ రాయాలె ఆంటీ" కెజియా గుర్తుచేసింది.
"రాయి బిడ్డా," అన్న, "రెండు రాయి."

ఎనిమిదోది నాకు యాదికి లేదు.
తొమ్మిదో గంప వంకరగ నిలవడి ఉన్నది,
దాని ఎనుక కోకాపేట దిక్కు క్రేన్లు.
ఇంకా ఎవ్వలం ఇసరలే,
గాలికే గొలుసులు ఒక్కసారి ఝల్లుమన్నయి.

నాకు తెల్వకుంటనే నా నోరు
"హోల్డాన్" అన్నది.
మస్తాన్ ఆగిండు.
మేకలు ఆగలే.