హాఫ్ క్లచ్

రెండు సీట్ల కారు. పైకప్పు గుడ్డది.
విశాఖలో నేవీ ఆయన బదిలీ మీద పోతూ అమ్మేస్తే
చీటీ పాడి కొన్నాను.
నెల్లిమర్లలో దానికేం పనుందని అందరూ అడిగారు.
నిజమే. ఆదివారాలు నాకూ ఉండేది కాదు.

మొన్న చంపావతి వంతెన ఎక్కేచోట
ఇంజను అరిచింది, కారు కదల్లేదు.
పొయ్యి మీద గోనెపట్టా అంటుకున్న వాసన.
వెనకాల గడ్డి ట్రాక్టరువాడు
హారన్ కొట్టడం కూడా మానేసి
జాలిగా చూశాడు.

విజయనగరం షెడ్డులో చెప్పిన రేటుకి
ఇంకో సగం కారు వస్తుంది.
కొత్త ప్లేటు తెప్పించుకుని
పెరట్లో, రేకుల కింద,
పాత స్లీపరు చెక్కల మీదికి ఎత్తాను బండిని.

గోనె పరుచుకుని కిందికి దూరాను.
ఆ గోనె పక్కింటి గురమ్మది.
ముప్పై రెండేళ్ళు జూట్ మిల్లులో నార వడికిన మనిషి.
"ఆ లైటు నాకియ్యి.
నోట్లో ఎట్టుకుంతే నాతో ఎలా మాట్నాడతావు?"

యాక్సిళ్ళు ఊడాయి.
నల్లనూనె బేసిన్లోకి జారింది, అడుగున వెండి పొడి.
బోల్టులన్నీ చీరపెట్టె అట్టకి వరసన గుచ్చాను.
పదోది రాలేదు.
కిరసనాయిలు పోశాను, బతిమాలాను,
పానాకి పైపు తొడిగి దాని మీద నిలబడ్డాను,
తిట్టాను.
ఆ తిట్టులో తప్పుంటే గురమ్మ సరిదిద్దింది.
అప్పుడొచ్చింది, పాలపన్నులా.

తడిసిన నారకట్టంత బరువుతో
గేరుబాక్సు నా గుండెల మీదికి దిగింది.
కాసేపు ఇద్దరం అలాగే పడుకున్నాం.

ప్లేటు చోడిరొట్టెంత ఉంది, అంచులు మాడి.
గడప అరిగితే మేకులు తేలినట్టు
రివెట్ల తలలు తేలాయి.
గురమ్మ వెలుతురులో తిప్పి గోటితో గీకింది.
"ఇదీ నారేనే! నేత కనబడతంది సూడు.
సగం తొక్కి సగం వొదిలీసినోల కాడ
ఏదైనా ఇలాగే మాడతాది."

నేరం నేవీ ఆయన మీద వేద్దామనుకున్నాను.
కానీ ఈ మూడేళ్ళూ నావే.
రైల్వేగేటు దగ్గర న్యూట్రల్ చెయ్యకుండా
పాదం ఆనించుకుని కూర్చున్నది నేనే.
రామతీర్థం రోడ్డులో బ్రేకుని నమ్మక
క్లచ్ పట్టుకుని వేలాడింది నేనే.
ఒకరోజు మేనేజరు ఇంటిముందు
రాజీనామా కాగితం ఒళ్ళో పెట్టుకుని
పదకొండు నిమిషాలు,
ముందుకీ పోక, వెనక్కీ రాక.
ఆ పదకొండు నిమిషాలూ ఇదిగో, ఇక్కడ,
వెంట్రుక మందాన అరిగి ఉన్నాయి.

అప్పడాల కర్రకి టేపు చుట్టి
కొత్త ప్లేటుని నడిమధ్యకి తెచ్చాను.
"కదురు నడిమినుంతేనే దారం తెగదు,"
అంటూ మోకాళ్ళతో బాక్సుని ఎగదోసింది.
మూడోసారికి లోపలికి వెళ్ళింది
ఏమీ జరగనట్టు.

మిల్లు కూత వేసేసరికి అట్ట ఖాళీ.
నేల మీద మాత్రం ఒక బోల్టు మిగిలింది.
చోడి అంబలి తాగుతూ దాన్నే చూశాం.
"మా మిల్లులో ఒక్క పోగు తెగితే
మిసన్ ఆపీసీవోల్లం," అంది గురమ్మ.
మళ్ళీ గోనె పరిచాను.
గంట వెతికాక తేలింది, అది గ్రైండరుదని.
నెల్లాళ్ళుగా అది గడగడలాడుతుంటే
మినపపప్పు మీద నెపం పెడుతున్నాం.

సాయంత్రం స్టార్టు చేశాను.
పెడలు ఇప్పుడు నేలకి దగ్గరగా పడుతోంది.
నా పాదం ఇంకా పాత ఎత్తులోనే వెతుక్కుంటోంది.
ఒక గెంతు. ఆగిపోయింది.
ఇంకో గెంతు.
పక్కసీట్లో గురమ్మ
కొంగు నడుముకి దోపి, కప్పు తియ్యమంది.

గేటు పడే ఉంది.
న్యూట్రల్ చేసి
రెండు పాదాలూ తీసి కింద పెట్టాను.
గూడ్సు వెళ్తోంది.
గురమ్మ లెక్కకి నలభై రెండు పెట్టెలు,
నా లెక్కకి నలభై ఒకటి.