నాన్న స్విచ్ వేస్తే తెల్లారేది

బుడంపాడు దాటాక, పత్తిమిల్లు వెనక,
ఆరువేల పెట్టలూ, మేం నలుగురమూ.
ఒక్క పుంజు కూడా లేదు.
తన కోడీ కుంపటీ లేకపోతే
ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ
బడిలో చెబుతుంటే నాకు నవ్వొచ్చింది.
మా షెడ్డులో నాలుగింటికి
నాన్న స్విచ్ వేస్తే తెల్లారేది.
ఆరువేల గొంతులు ఒక్కసారిగా
గొళ్ళెం తీసినట్టు.

నాన్న పేరు ఇశ్రాయేలు.
షెడ్డు మాది కాదు, బసివిరెడ్డి గారిది.
జీతం సగం నోట్లు, సగం పగుళ్ల గుడ్లు.
పులుసు, అట్టు, వేపుడు,
అమ్మ ఎన్ని వేషాలు వేయించినా గుడ్డు గుడ్డే.
వాసన కూడా జీతంలో భాగమే.
ఎంత కుంకుడురసం పోసి రుద్దినా
మూడో బెంచీ సుభాషిణి
రిబ్బను కొస ముక్కుకి అడ్డం పెట్టుకునేది.

పిల్లలు వ్యానులో వచ్చేవి,
అట్టపెట్టెకి వంద, చిల్లుల్లోంచి కిచకిచ.
ఊక పరిచి, చుట్టూ రేకు కట్టి,
మధ్యన బల్బులు వేలాడదీసి
థర్మామీటరు బదులు నన్ను కూర్చోబెట్టేవాడు నాన్న.
"బల్బు కిందికి ముద్దగా చేరితే చలి, పాపా.
అంచుకి పారిపోతే ఉడుకు.
చల్లిన నూకల్లా చెదిరి ఉన్నాయా,
వాటి మానాన వదిలెయ్."
ఆ వదిలెయ్యడమే నాకు ఇప్పటికీ సరిగా రాదు.

ఒక మే నెల
గుంటూరు ఎండ రేకుల మీద కూచుని లేవనంది.
గోనెసంచులు తడిపాం. మళ్ళీ తడిపాం.
కరెంటు పోయింది, మోటారు ఆగింది.
మూడింటికి పెట్టలన్నీ నోళ్ళు తెరిచి
రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డాయి,
ఎవరో చొక్కా విప్పుతారని చూస్తున్నట్టు.
ఐదింటికి ఎనిమిది వందల పదకొండు.
లెక్క నేనే రాశాను,
ఐదేసి గీతలు, కొసన సగం కట్ట.
నాన్న గొయ్యి తవ్వి సున్నం చల్లాడు.
రాత్రి కరెంటు వచ్చింది,
స్విచ్ తీయడం మర్చిపోయాడు.
మిగిలినవి పగలనుకుని
తెల్లార్లూ మేత తిన్నాయి.

డెబ్బై రెండు వారాలు దాటితే లారీ వచ్చేది.
ఓసారి ఒక కుంటిదాన్ని
గాబు వెనక గంప కింద కమ్మేశాను.
నాన్న చూశాడు.
రిజిస్టరులో "చావు – 1" అని రాసుకున్నాడు.
చచ్చిన ఆ కోడి మూడేళ్ళు బతికింది మా వాకిట్లో,
గుడ్డు పెట్టినప్పుడల్లా చాటింపు వేసుకుంటూ.

ఇప్పుడు పెద్దాసుపత్రి, పురిటిపిల్లల వార్డు, నైట్ డ్యూటీ.
వార్మర్ల కింద ఏడుగురు,
ఒక్కరూ కిలోన్నర తూగరు.
మానిటరు చూస్తాను, చూడనని కాదు,
ముందు కాళ్ళు చూస్తాను
ముడుచుకున్నాయా, చాపుకున్నాయా అని.
ఎక్కడ నేర్చుకున్నావంది కొత్త డాక్టరమ్మ.
బుడంపాడులో అన్నాను.
అక్కడ కాలేజీ ఉందా, అంది.

కొరిటెపాడులో మా మేడ మీద నాలుగు నాటుకోళ్ళు.
అపార్ట్‌మెంటు కార్యదర్శి ఫణిభూషణం గారు
కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి.
రెట్ట అంటారు, వాస్తు అంటారు,
ఫ్లాటు రేటు పడిపోతుందంటారు.
ఆయన మనవరాలు సాయంత్రం పూట
గుప్పిట్లో బియ్యం దాచుకుని పైకొస్తుంది.
ఆ సంగతి ఆయనకి నేను చెప్పను.

అందరూ అడిగేది ఒకటే,
ఆదివారం కూర తినవా మరి?
తింటాను.
మెడముక్క మాత్రం పళ్ళెం అంచుకి జరుపుతాను.
ఎన్ని వేల మెడలు ఈ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని
కంట్లో మందుచుక్క వేశానో,
వేళ్ళకి గుర్తుంది.

ఆ నాలుగింట్లో ఒకటి పుంజని మొన్ననే తేలింది.
గొంతింకా విచ్చలేదు, తుప్పుపట్టిన గేటులా ఉంది.
నిన్న డ్యూటీ లేదు, అయినా నాలుక్కే మెలకువ.
చెయ్యి దానంతటదే గోడ తడుముతుంటే
పైన అది కూసింది,
సగంలో ఆగి, మళ్ళీ మొదట్నించీ.
ఎదురుగా చీకట్లో
ఎవరో విసుక్కుంటూ లైటు వేశారు.