ఎకో

కృష్ణలంక కట్ట కింద స్వస్థత కూటం.
స్టేజీ మీద ఎల్‌ఈడీ దేవదూత
రెక్కలు విప్పుతాడు, ముడుస్తాడు.
నాది సౌండు బాక్సుల పని.
పాస్టరుగారు దయ్యాన్ని
"నీ పేరేంటి?" అని గద్దించినప్పుడల్లా
ఎకో పెంచాలి, అంతవరకే బేరం.

పెంచాను.
రాణిగారితోట పిల్ల విరుచుకుపడింది.
ఫోన్లు లేచాయి.
లైవ్‌లో నాలుగు వేలమంది ఆమెన్ కొడుతున్నారు.
దయ్యం మాత్రం పేరు చెప్పలేదు.

కరెంటు పోయింది.
ముందు దేవదూత ఆరిపోయాడు.
చీకట్లో ఆ పిల్ల తల ఒళ్లోకి తీసుకుని
చేపల సువార్తమ్మ
"ఎప్పుడు తిన్నావే తల్లీ?" అనడం
మైకు లేకుండానే చివరి కుర్చీదాకా వినబడింది.

జనరేటరు వెయ్యమని స్టేజీ మీంచి కేక.
తాడు పట్టుకున్నాను.
నీ పేరేంటని
ఎవరో నన్నడిగారు,
ఎకో లేకుండా.