ఎనిమిది రోజుల కోటు

సుల్తాన్ బజార్‌లో గాజుల దుకాణాల వెనక
ఇరుకు మెట్లెక్కితే యాకూబ్ భాయ్
చలికోట్లు అద్దెకిస్తాడు.
రోజుకి నూట ఇరవై. డిపాజిట్ రెండు వేలు.
గుండీ ఊడితే యాభై.

జనవరి మధ్యాహ్నం, పైన ఫ్యాన్ తిరుగుతుంటే
నాకు కోటు తొడిగి రెండడుగులు వెనక్కేసి చూశాడు,
మూటకి తాడు సరిపోయిందా అని చూసే హమాలీలా.
"ఏ ఊరు మేడమ్?"
ఓస్లో అన్నాను.
లెడ్జరు తిప్పి ఒక వరస మీద వేలు పెట్టాడు.
"ఇది పోయొచ్చింది ఆడికి. రెండుసార్లు.
మైనస్ పద్నాలుగు. ఏం కాలే."
ఆయన మాత్రం గుల్బర్గా దాటలేదట.

తార్నాక ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా
రక్తంలో ఎండ ఎంతుందో లెక్కపెడుతున్నాను.
అదే, డి విటమిను.
ఇంత ఎండ పెట్టుకుని మనకెందుకు తక్కువైందో
ఎండ లేని ఊరికి పోయి చెప్పి రమ్మన్నారు.
మా అత్త పడీపడీ నవ్వింది.

అక్కడ ఉదయం ఎనిమిదిన్నరకి వీధిదీపాలు.
నాలుగు కాకముందే మళ్ళీ వీధిదీపాలు.
మధ్యలో ఎవరో తలుపు ఓరగా తీసి
ఎవరూ లేరని మూసినంత వెలుతురు.

ట్రాము దిగుతూనే జారిపడ్డాను.
లేపిన ముసలాయన తన భాషలో ఏదో అడిగాడు.
"ఫర్వాలేదండీ" అన్నాను. వేరే మాట రాలేదు.
తెలుగు వచ్చినవాడిలాగే తలూపి,
నా బూట్లు చూసి, నిట్టూర్చి,
మోకాళ్ళు కాస్త వంచి
అడుగులో అడుగేసి నడిచి చూపించాడు.
నలభై నాలుగేళ్ళకి నడక నేర్చుకుంటూ
సముద్రం దాకా వెళ్ళాను.
సముద్రం అంచుల్లో గట్టిపడి ఉంది,
పాల మీద మీగడ కట్టినట్టు, గాలికి వణకని మీగడ.

చిల్లర జేబులో వేస్తే మాయమయ్యేది.
నడిస్తే ఎక్కడో చప్పుడయ్యేది.
లోపలి జేబులో ఉర్దూ చీటీ ఒకటి దొరికింది.
నాకు చదవడం రాదు.
తాయెత్తు అనుకుని తాకి మళ్ళీ పెట్టేశాను.

మంగళవారం సూర్యుడొచ్చాడు.
నా లెక్కలు తెర మీద ఉండగానే
సగంమంది లేచి బయటికి పోయారు.
గోడకి వీపులానించి, కళ్ళు మూసి,
మొహాలెత్తి నిలబడ్డారు, వరసగా,
ఎవరో వచ్చి ఒక్కొక్కరికీ బొట్టు పెడతారన్నట్టు.
మర్యాదకి నేనూ నిలబడ్డాను.
ఇన్నేళ్ళలో ఎండకి నా మొహమెప్పుడూ ఇవ్వలేదు.
చున్నీ ఇచ్చాను, గొడుగిచ్చాను, బస్సు కిటికీ పరదా ఇచ్చాను.
ఏడు నిమిషాలకి మబ్బు పట్టింది.
అందరూ లోపలికొచ్చారు. నా లెక్కలు మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.

"ఎంత చలి?" కలం తీసి అడిగాడు యాకూబ్ భాయ్.
మైనస్ పదకొండు.
కాస్త నిరాశపడి రాసుకున్నాడు.
చీటీ ఇస్తే అద్దాలు సర్దుకుని చదివాడు:
"కుడి జేబు చిరిగింది. పైసలు ఎడమ జేబులో పెట్టుకో.
పడుకునేముందు బూట్లలో కాగితాలు కుక్కు. ఖుదా హాఫిజ్."
కోటు అడుగు కుట్టు విప్పితే
గలగలా రాలాయి, నావీ, నాకు ముందువాళ్ళవీ.
ఏవి ఎవరివో తేలలేదు.
గల్లాపెట్టె కింద బోర్న్‌విటా డబ్బాలో పోశాడు,
అప్పటికే అది సగానికి నిండి ఉంది.

ఆయన జేబు కుడుతుంటే
చీటీ వెనక తెలుగులో రాశాను:
"జేబు బాగైంది. మోకాళ్ళు వంచి నడవండి.
పొద్దెక్కితే ఏ పనిలో ఉన్నా బయటికి రండి."
మడిచి అక్కడే పెట్టాను.
గుండీకి యాభై పట్టుకుని తొమ్మిదొందల తొంభై ఇచ్చాడు.

కోఠీ బస్టాపులో మిట్టమధ్యాహ్నం.
కరెంటు స్తంభం నీడలో ఆరుగురు ఆడవాళ్ళు
ఒకరి వెనక ఒకరు, గీత గీసినట్టు.
నేను వెళ్ళి ఏడో దాన్నయ్యాను.
నీడ నా దాకా సరిపోలేదు.
భుజం ఒకటి బయటే ఉండిపోయింది.
చున్నీ దాకా పోయిన చెయ్యి
కాసేపు అక్కడే ఆగింది.