పాలు లేని టీ

కాశీబుగ్గలో పొద్దున్న ఏడు.
జీడి ఫ్యాక్టరీ బాయిలర్ ఇంకా కూత పెట్టలేదు.
దాలమ్మ చేతిలో పాలు లేని టీ,
గ్లాసు అంచు మీంచి ఏటవాలుగా మార్గశిరపు ఎండ.

"సూడు మేస్టారూ, బూజట్టినట్టు లేదేటి?"

బూజు కాదు దాలమ్మా, నీళ్ళే.
వెంట్రుక మందంలో పావు వంతు లేని చుక్కలు
టీని తాకకుండా
టీ మీదే నిలబడ్డాయి.
కిందనుంచి ఎగదోసే ఆవిరికీ
కిందికి లాగే సొంత బరువుకీ మధ్య
ఇంత సందులో వాటి ఊరు.

ముగ్గుకి చుక్కలు పెట్టినవాళ్ళెవరూ లేరు.
అయినా ఒకదాని చుట్టూ ఆరు.
దగ్గరికి చేర్చేదీ గాలే,
మీద పడనివ్వనిదీ గాలే.
డిగ్రీ పిల్లలకి రెండు బోర్డులు నింపి చెబుతానిది.
చెరిపేశాక నాకే సగం నమ్మకం.

ఆమె వింటోందో లేదో.
జీడిసొన తిన్న వేళ్ళతో గ్లాసు తిప్పింది.
పొర చటుక్కున చీలింది,
నల్లటి గీత ఒకటి జెర్రిలా పాకి
మళ్ళీ పూడుకుంది.

"మా వరసా ఇంతే.
ఒకర్తి లెగిసిపోతే
పక్కదానికి సెయ్యాడదు."

మోసే ఆవిరే చుక్కని లావెక్కిస్తుందని,
లావెక్కింది నిలవదని
చెప్పబోయాను.
బాయిలర్ కూసింది.
ఉఫ్‌మని ఊదేసి
రెండు గుక్కల్లో తాగేసి
చెంగు దోపుకుంటూ షెడ్డులోకి.

నా గ్లాసు చల్లారింది. దాని మీద ఒక్క చుక్కా లేదు.

తవిటయ్య లాక్కున్నాడు దాన్ని:
"ఏడిది పోస్తాను, ఉండండి."